అడవివరం రేకుల గది: చలికాలం పని డైరీ

విశాఖలో చలేమిటని నవ్వేవాళ్లు ఎక్కువగా బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఉంటారు. వాళ్లకి రాత్రంతా సముద్రమే హీటర్. మాది అడవివరం. ఒక పక్క సింహాచలం కొండ, ఇంకో పక్క కంబాలకొండ. చీకటి పడ్డాక కొండల మీద చల్లబడ్డ గాలి బరువెక్కి, కిందికి జారి మా వీధుల్లో నిలబడిపోతుంది. లంబసింగి చలి అనను. కానీ డెబ్బై నాలుగేళ్ల వయసు, పైగా ఉబ్బసం ఉన్న మనిషి రేకుల గదిలో పడుకుంటే 17 డిగ్రీలు కూడా తక్కువేమీ కాదు.

గది డాబా మీద ఉంది. 12 అడుగులకి 14 అడుగులు, అంటే 168 చదరపు అడుగులు. గోడలు తొమ్మిదంగుళాల ఇటుక. పైన కలర్ కోటెడ్ ఇనప రేకు, దాని కింద మూడున్నర అడుగులకో పైపు, వాలు పడమరకి. అందులో ఉండేది మా మావయ్య గారు. కిందికి రమ్మంటే రారు, పొద్దున్నే డాబా మీద ఎండ కాగాలి ఆయనకి. ఆయన చెప్పిన కంప్లయింట్ చలి గురించి కాదు. తెల్లారేసరికి దుప్పటి తడిగా ఉంటోందని. వానే లేదు కదా, రేకు కారడమేమిటని అందరం ఆశ్చర్యపోయాం.

ఇలాంటి గది ఉన్నవాళ్లు ఎవరైనా కారడం, చలి ఆపే పని చేయాలనుకుంటే వరస ముఖ్యం. ముందు రేకు కింద పొర వేయడం, తర్వాత సందులు మూయడం. మా దగ్గర రెండోది ముందు జరిగింది. దాని ఫలితం కింద అంకెల్లో ఉంది.

మొదటి దశ: కొలతలు

కొన్నవి: ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటర్లు రెండు (ఒకటి లోపలికి, ఒకటి బయటికి), ఒక ఇన్‌ఫ్రారెడ్ గన్, నల్ల ఇన్సులేషన్ టేపు.

తేమ మీటర్లు పెట్టెలోంచి తీసినప్పుడే ఒకదానికొకటి 6 శాతం తేడా చూపించాయి. ఏది నమ్మాలో తేల్చడానికి ఉప్పు పరీక్ష:

1. సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేదాకా మాత్రమే నీళ్లు కలపాలి. ఉప్పు కరిగిపోకూడదు.
2. ఆ మూతని, మీటర్‌ని గాలి చొరబడని డబ్బాలో పెట్టి మూసేయాలి. మీటర్‌కి తడి తగలకూడదు.
3. రాత్రంతా ఉంచి, డబ్బా తెరవకుండా బయట్నుంచే చూడాలి. 75 శాతం చూపించాలి.

ఒకటి 76 చూపించింది, రెండోది 70. రెండోదాని వెనక 5 కలపమని చీటీ అంటించాం. కింద ఇచ్చినవన్నీ అలా సరిచేసిన అంకెలే.

ఇన్‌ఫ్రారెడ్ గన్ గురించి ఒక మాట. కోవిడ్ రోజుల్లో నుదుటికి పెట్టి చూసిన గన్‌లు ఒంటి జ్వరానికే పనికొస్తాయి. గోడకి పెడితే "లో" (తక్కువ) అని చూపించి ఊరుకుంటాయి, లేదా సర్ఫేస్ మోడ్‌లోకి మార్చుకోవాలి. పరిశ్రమల్లో వాడే రకం తీసుకోండి. మెరిసే లోహం మీద అది కూడా తప్పే చూపిస్తుంది, ఎదురుగా ఉన్నవాటి వేడి దాంట్లో ప్రతిఫలిస్తుంది కాబట్టి. కొలవాల్సిన చోట నల్ల టేపు ముక్క అంటించి, దాని మీద కొలవాలి.

ఆకాశం తేటగా ఉన్న రోజు, తెల్లవారుజాము అయిదున్నరకి వచ్చిన అంకెలు:

- బయట గాలి: 17.4 డిగ్రీలు
- గదిలో గాలి: 19.2 డిగ్రీలు, తేమ 83 శాతం
- రేకు లోపలి వైపు: 15.8 డిగ్రీలు

చివరి అంకె చూసి గన్ పాడైందనుకున్నాం. బయటి గాలి కన్నా రేకు చల్లగా ఎలా ఉంటుంది? కానీ అది నిజమే. పల్చటి రేకు తన వేడిని తేటగా ఉన్న ఆకాశంలోకి వదిలేస్తూ గాలి కంటే కిందికి దిగిపోతుంది. రాత్రి బయట నిలిపిన కారు టాపు మీద మంచు పట్టడం చూస్తాం కదా, ఇదీ అదే. మబ్బు పట్టిన ఇంకో రాత్రి బయట అదే చలి ఉన్నా రేకు 17.3 దగ్గర ఆగింది, ఒక్క చుక్క రాలలేదు.

19.2 డిగ్రీల దగ్గర 83 శాతం తేమ ఉన్న గాలికి డ్యూ పాయింట్ 16.2. అంటే 16.2 కన్నా చల్లగా ఉన్న దేన్ని తాకినా ఆ గాలిలోని తేమ నీళ్లయిపోతుంది. రేకు 15.8. ఇక కారడంలో వింతేముంది. అది వాన నీళ్లు కాదు, ఆయన ఊపిరే. నిద్రలో ఊపిరి, చెమట కలిసి మనిషి నుంచి రాత్రికి పావు లీటరు నీళ్ల దాకా గాలిలో చేరుతుంది. దానికి తోడు గదిలో తీగ కట్టి తడి బట్టలు ఆరేస్తున్నాం. ఆ తీగ ఆ పూటే డాబా మీదకి మారింది. దానికి ఖర్చు సున్నా.

ఈ దశ ఖర్చు: మీటర్లు 900, గన్ 1,350, టేపు 20. మొత్తం రూ. 2,270.

రెండో దశ: సందులు మూయడం (కారడం పెరిగింది)

బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, తలుపులు మూసి, వెలిగించిన అగరబత్తితో గోడ వెంట తిరిగితే గాలి ఎక్కణ్నుంచి వస్తోందో పొగే చూపిస్తుంది. మా గదిలో మూడు చోట్ల పొగ అడ్డంగా కొట్టుకుపోయింది.

1. ఉత్తరం తలుపు కింద 14 మిల్లీమీటర్ల సందు. అడుగున రబ్బరు స్ట్రిప్ బిగించాం.
2. కిటికీ రెక్కల అంచులు. ఫోమ్ టేపు. పాత రంగు పెచ్చులు గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక అంటిస్తేనే నిలుస్తుంది.
3. గోడ పైభాగానికి, రేకు మడతలకి మధ్య ఉన్న ఖాళీలు. అన్నిటికన్నా పెద్ద దారి ఇదే. ఒక మూల ఉడత గూడు కూడా దొరికింది, పిల్లలు లేవు.

మూడోదానికి స్ప్రే ఫోమ్ వాడాం. డబ్బా మీద ఏం రాసి ఉన్నా, ఖాళీలో సగమే నింపండి, మిగతా సగం అదే ఉబ్బి నింపుకుంటుంది. చేతికి గ్లౌజులు లేకపోతే నాలుగు రోజులు చేతులు నల్లగానే ఉంటాయి. ఎండ తగిలే వైపు ఫోమ్ పచ్చబడి పొడిపొడిగా రాలుతుంది, అందుకని బయటి వైపు దాని మీద సిమెంటు పూత వేయించాం. చిన్న సందులకి సిలికాన్. కొనేటప్పుడు న్యూట్రల్ రకమే అడగండి. వెనిగర్ వాసన కొట్టే మామూలు సిలికాన్ జింకు పూత ఉన్న రేకుని తినేస్తుంది. మన ఊళ్లో ఉప్పుగాలి చేసే పని చాలు, దానికి మనం సాయం చేయక్కర్లేదు.

ఈ పనులయ్యాక, అలాంటి తేట రాత్రి తర్వాత:

- గదిలో గాలి: 19.9 డిగ్రీలు, తేమ 88 శాతం
- డ్యూ పాయింట్: 17.9
- రేకు లోపలి వైపు: 16.1

గాలి 0.7 డిగ్రీలు వెచ్చబడింది. కానీ డ్యూ పాయింట్‌కి, రేకుకి మధ్య తేడా 0.4 నుంచి 1.8కి పోయింది. సందుల్లోంచి బయటికి పోయే తేమ ఇప్పుడు లోపలే ఉండిపోయింది. "ముందు దుప్పటే తడిసేదమ్మా, ఇప్పుడు తలగడ కూడా తడుస్తంది" అన్నారు మావయ్య గారు. ఆ మాట అంకెల కన్నా స్పష్టంగా ఉంది.

అయినా మూసిన సందులేవీ మళ్లీ తెరవలేదు. దక్షిణం గోడ మీద వెంటిలేటర్ ఒకటి, అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తు, అట్టముక్కతో మూసి ఉండేది. ఆ అట్ట పీకేసి దోమల జాలీ బిగించాం. చలిగాలి ఉత్తరం నుంచి వస్తుంది కాబట్టి దక్షిణం వైపు, అదీ పైన, తెరిచి ఉన్నా మంచం మీద గాలి కొట్టదు. ఊపిరి తేమ మాత్రం పోతుంది. ఈ వెంటిలేటర్ ఇక మూసేది లేదు.

ఈ దశ ఖర్చు: రబ్బరు స్ట్రిప్ 240, ఫోమ్ టేపు 330, స్ప్రే ఫోమ్ 960, సిలికాన్ 580. మొత్తం రూ. 2,110. ఇప్పటిదాకా రూ. 4,380.

మూడో దశ: రేకు కింద ఫాయిల్

ఎయిర్ బబుల్ షీట్ అని దొరుకుతుంది. రెండు వైపులా మెరిసే రేకు, మధ్యలో గాలి బుడగలు. నాలుగడుగుల వెడల్పు రోల్, చదరపు అడుగు లెక్కన అమ్ముతారు. షాపు అతను డబుల్ సైడ్ టేపుతో నేరుగా రేకుకి అంటించెయ్యమన్నాడు. సాయంత్రం అంటించాం, మర్నాడు మధ్యాహ్నానికి ఒక బారు మొత్తం ఊడి మంచం మీద పడింది. ఆ వేళ రేకు లోపలి వైపు కొలిస్తే 49 డిగ్రీలు. చలికాలంలోనే. ఆ వేడికి జిగురు మెత్తబడిపోతుంది. వేసవిలో అయితే సాయంత్రం దాకా కూడా ఆగేది కాదు.

నిజానికి అంటించడమే తప్పు పద్ధతి. మెరిసే ఫాయిల్ పని చేయాలంటే దాని ఎదురుగా గాలి ఖాళీ ఉండాలి. రేకుకి అతుక్కుంటే అదీ రేకులాగే చల్లబడుతుంది, మధ్యలో బుడగల మందమే మిగులుతుంది. అందుకని ఇలా మార్చాం:

1. పైపు నుంచి పైపుకి, పైపుల అడుగు నుంచి, అడుగున్నరకో జీఐ (జింకు పూత ఉన్న ఇనప) తీగ లాగి బిగించడం.
2. ఫాయిల్‌ని తీగల మీదుగా పడమర చివర నుంచి తూర్పుకి పరచడం. పై ముక్క కింది ముక్క మీద నాలుగంగుళాలు ఎక్కాలి, పెంకుల వరసలాగే. రేకుకి, ఫాయిల్‌కి మధ్య రెండంగుళాల ఖాళీ.
3. ముక్కల అతుకులన్నిటికీ అల్యూమినియం టేపు. గుడ్డతో తుడిచి, చెంచా వీపుతో నొక్కి రుద్దాలి.
4. గోడ చుట్టూ అంచుని గోడకి సిలికాన్‌తో మూయడం, పడమర తప్ప.

నాలుగో అడుగులో "పడమర తప్ప" అన్నది తర్వాత చేరింది. మొదట నాలుగు వైపులా మూసేశాం. రెండు మూడు తేట రాత్రులు గడిచాక పడమర గోడ పైన గోధుమ రంగు మరక దిగింది. రేకుకి ఇంకా నీళ్లు పడుతున్నాయి, అది ఆగదు, ఆగాల్సిన అవసరమూ లేదు. ఆ చుక్కలు ఇప్పుడు ఫాయిల్ మీద పడి, వాలు వెంట జారి, గోడ దగ్గర గుంటలా నిలుస్తున్నాయి. పడమర చివర ఫోమ్ కోసేసి, ఫాయిల్ అంచుని గోడ దాటించి రెండంగుళాలు బయటికి లాగి, కిందికి మడిచాం. నీళ్లు ఇప్పుడు రేకు చూరు కింద బయటికి రాలుతున్నాయి. ఫాయిల్‌కి పైనున్న ఖాళీలోకి బయటి గాలి వస్తుంది, రానీ, ఆ గాలికి గదితో సంబంధం లేదు. ఉడత తిరిగి రాకుండా అక్కడ సన్న కంతల జాలీ పెట్టాం.

ఈ పనంతా చేతులు పైకెత్తి చేసేది. రెండు నిచ్చెనలు, ఇద్దరు మనుషులు కావాలి. మా ఆయన ఒక్కరే పట్టుకోబోతే ఫాయిల్ తీగలకి తగిలి చిరిగింది. పైపులకి మాత్రమే డ్రిల్ వేయండి, రేకుకి లోపల్నుంచి ఒక్క కన్నం కూడా పడకూడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌కి ఈ ఊళ్లో రేకులు ఎలా ఎగిరాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పైకెక్కినప్పుడే రేకు బోల్టులన్నీ ఒకసారి తిప్పి చూశాం, నాలుగింటికి వాషర్లు కుళ్లిపోయి ఉన్నాయి.

తేట రాత్రి తర్వాత, బయట 17.3 ఉన్నప్పుడు:

- గదిలో గాలి: 20.3 డిగ్రీలు, తేమ 80 శాతం
- డ్యూ పాయింట్: 16.7
- ఫాయిల్ లోపలి వైపు (నల్ల టేపు మీద): 18.2

మొదటిసారి లోపలి పైభాగం డ్యూ పాయింట్‌కి పైన నిలిచింది. దుప్పటి పొడిగా ఉంది.

ఈ దశ ఖర్చు: ఫాయిల్ 210 చదరపు అడుగులు 4,620, అల్యూమినియం టేపు 540, ఊడిపోయిన డబుల్ సైడ్ టేపు 320, తీగ, స్క్రూలు, వాషర్లు 650, కూలి 2,000. మొత్తం రూ. 8,130. ఇప్పటిదాకా రూ. 12,510.

డబ్బు చూసుకోవాల్సినవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. కారడం ఆగింది. చలి మాత్రం ఇంకా ఉంది.

నాలుగో దశ: థర్మోకోల్, సీలింగ్

ఎనిమిదిన్నర అడుగుల ఎత్తులో జిప్సం సీలింగ్, దాని పైన రెండంగుళాల థర్మోకోల్ పలకలు. సీలింగ్ ఒక్కటే వేస్తే సరిపోదా అని మేస్త్రి అడిగాడు. జిప్సం బోర్డు అర అంగుళం, చలిని ఆపే శక్తి దానిలో పెద్దగా లేదు. ఆపేది థర్మోకోల్. బోర్డు ఉన్నది ముఖ్యంగా నిప్పు కోసం. కింద దీపమో, అగరబత్తో ఉన్న గదిలో థర్మోకోల్‌ని బయటికి కనిపించేలా వదలకూడదు.

కొనేటప్పుడు ఫైర్ రిటార్డెంట్ రకం అని అడిగి, షాపు బయట చిన్న ముక్క వెలిగించి చూడండి. మంట తీసేయగానే ఆరిపోవాలి. మొదటి షాపు వాళ్లది కరుగుతూ, మండుతూ చుక్కలు చుక్కలుగా కింద పడింది. ప్యాకెట్ మీద మాత్రం అదే పేరుంది.

కరెంటు తీగల సంగతి చాలామంది మేస్త్రీలకి తెలియదు. ప్లాస్టిక్ తొడుగున్న తీగ థర్మోకోల్‌కి ఆనుకుని ఉంటే, తొడుగుని మెత్తగా ఉంచే పదార్థాన్ని థర్మోకోల్ పీల్చేస్తుంది. కొన్నేళ్లకి తొడుగు పెళుసుబారి చిట్లుతుంది. అందుకని సీలింగ్ పైనున్న తీగలన్నీ పైపుల్లోకి మార్పించాం. లైట్లు సీలింగ్‌లోకి గుచ్చే రకం వద్దని, పైన బిగించే ఎల్ఈడీలే పెట్టించాం. గుచ్చిన ప్రతి లైటూ థర్మోకోల్‌కి ఒక కన్నం.

పలకల మధ్య సందులు ఎక్కువ నష్టం. బోర్డులు బిగించాక పైకి చేయి పెట్టి పలకలు సర్దడం కష్టం, ఒక వరస బోర్డు, ఒక వరస పలకలు, అలా సాగాలి. మా మేస్త్రి బోర్డులన్నీ ముందు బిగించేసి, మూలల్లో పలకలు విసిరినట్టు వేశాడు. గన్‌తో చూస్తే సీలింగంతా 20.3 ఉంటే ఈశాన్యం మూల 18.9. ఒక బోర్డు ఊడదీయించి సర్దించాం. ఆ ఊడదీసిన చోటే అడుగున్నర చదరం మూత పెట్టించాం, ఎప్పుడైనా తలపెట్టి చూడటానికి.

బయట 17.1 ఉన్న తేట రాత్రి తర్వాత:

- గదిలో గాలి: 21.4 డిగ్రీలు, తేమ 76 శాతం
- డ్యూ పాయింట్: 17.0
- సీలింగ్: 20.3

హీటర్ లేకుండానే బయటికి, లోపలికి 4.3 డిగ్రీల తేడా. మొదట్లో ఇది 1.8. పగలంతా ఎండకి వేడెక్కిన ఇటుక గోడలు రాత్రి వదిలే వేడి ఇన్నాళ్లూ రేకులోంచి పోయేది, ఇప్పుడు గదిలో ఉంటోంది.

ఈ దశ ఖర్చు: థర్మోకోల్ 5,040, సీలింగ్ కూలితో సహా 14,280, ఫ్యాన్ రాడ్, తీగల పైపులు 900. మొత్తం రూ. 20,220. ఇప్పటిదాకా రూ. 32,730.

అయిదో దశ: వేడి

"ఏటమ్మా ఇన్ని ఖర్చులు, రాత్రి కుంపటెట్టుకుంటే అయిపోను కదా" అని మావయ్య గారు మొదటి నుంచీ అంటున్నారు. మా చిన్నప్పటి ఇళ్లకి పెంకుల సందులుండేవి, కుంపటి పొగ వాటిలోంచి పోయేది. సందులన్నీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ నిలుస్తుంది. దానికి వాసన ఉండదు, దగ్గు రాదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వెంటిలేటర్ తెరిచి ఉంది కదా అన్నా ఒప్పుకోకండి. ఈ విషయంలో మాత్రం ఆయనతో గట్టిగానే మాట్లాడాల్సి వచ్చింది.

ఆడపడుచు దగ్గర్నుంచి ఫ్యాన్ హీటర్ తెచ్చి చూశాం. దానికి 1000, 2000 అని రెండు మీటలు. 2000 వాట్లంటే 8.7 ఆంపియర్లు. గదిలో ఉన్న పాయింట్లు, ఎక్స్‌టెన్షన్ బాక్సు అన్నీ 6 ఆంపియర్లవే. కాసేపటికే ప్లగ్గు వేడెక్కి, సాకెట్ కంత చుట్టూ గోధుమరంగు వచ్చింది. మీటర్ బోర్డు నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఎర్త్‌తో సహా లాగి, 16 ఆంపియర్ల పాయింట్ వేయించాం. తీరా సీలింగ్ అయ్యాక హీటర్ అవసరమే పడలేదు. పైగా ఆ ఫ్యాన్ దుమ్ము లేపుతుంటే ఆయనకి ఆయాసం వచ్చేది. హీటర్ తిరిగి ఇచ్చేశాం, పాయింట్ ఉంది.

దాని బదులు పనికొచ్చినవి చవకవి. మంచం ఉత్తరం గోడ నుంచి ముప్పావు అడుగు జరపడం (గోడకి ఆనుకున్న చోట పరుపు వెనక బూజు కూడా ఉంది, అదీ పోయింది). నేల మీద పాత జంపఖానా. పరుపు మీద, దుప్పటి కింద దూది బొంత, ఎందుకంటే చలి కింద నుంచీ ఎక్కుతుంది. కాళ్ల దగ్గర రబ్బరు వేడినీళ్ల సంచి. అందులో మరిగే నీళ్లు పోయకూడదు, గుడ్డ తొడుగు లేకుండా పెట్టకూడదు. వయసైనవాళ్లకి చర్మం కాలేదాకా తెలియదు.

బాత్రూం సంగతి క్లుప్తంగా. గీజర్ నుంచి కుళాయికి 22 అడుగుల పైపు డాబా మీదుగా వస్తుంది. దానికి ఫోమ్ తొడుగు వేశాం. పొద్దున్న మొదటి లీటరు అయినా చల్లగానే వస్తుంది, అది పైపులో రాత్రంతా నిలిచిన నీరు. తర్వాత మనిషి స్నానం చేసేటప్పుడు మాత్రం తేడా తెలుస్తోంది. బాత్రూం పైన పాత సిమెంటు రేకు ఉంది. అందులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, డ్రిల్ చేసినా, కోసినా ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉబ్బసం మనిషి ఉన్న ఇంట్లో దాన్ని కదపలేదు. లోపలి వైపు రెండు కోట్లు పెయింట్ వేసి వదిలేశాం, పెయింట్ ఇంట్లో మిగిలిందే.

ఈ దశ ఖర్చు: పాయింట్ 1,450, పైపు తొడుగు 400, వేడినీళ్ల సంచి 350. మొత్తం రూ. 2,200. ఇప్పటిదాకా రూ. 34,930.

మిగిలిన పని

ఉత్తరం కిటికీ అద్దం తెల్లవారుజామున ఇంకా 18 లోపే ఉంటోంది, అడుగున సన్నగా తడి పడుతోంది. కర్టెన్ అద్దానికి ఆనితే కర్టెన్ కూడా తడుస్తోంది కాబట్టి, రాడ్‌ని నాలుగంగుళాలు ముందుకి జరపాలి. ఈ వారం ఆ పని. పడమర చూరు కింద ఫాయిల్ అంచు, జాలీ, ఆకులు పట్టకుండా ఏప్రిల్‌లో ఒకసారి, తుపానుల కాలానికి ముందు సెప్టెంబర్‌లో ఒకసారి శుభ్రం చేయాలి. ఫాయిల్ ఇరవై చదరపు అడుగుల దాకా మిగిలింది, దాన్ని మెట్ల గది రేకు కిందకి వాడతాం. అక్కడ కూడా కారుతోంది.